కింది పొర

బస్సు ఆగకముందే దిగ్నాకు, అక్క ఇంటి స్లాబు కింద తను ఊతం పెట్టించిన వెదుళ్లు ఎదురొచ్చాయి. మోకులతో బిగించి కట్టి, మూడు చక్రాల బండి మీద వేసుకుని ఎవడో ఊరి బయటికి తోలుకుపోతున్నాడు. ఇంకెవరివోలే అని సరిపెట్టుకోవడానికి కూడా వీల్లేదు. ప్రతి వెదురు మొదట్లోనూ ఆమె తన చేత్తో ఎర్ర రంగు పట్టీ వేసింది. ఆ పట్టీ ఉన్నదాన్ని తను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదని మేస్త్రీకి చెప్పింది, బావకు చెప్పింది, కూలీలకు చెప్పింది, ఏ పనీ లేక అరుగు మీద కూర్చునే ఎదురింటి ముసలాయనకు కూడా చెప్పింది. అందరూ తలలూపారు. తల ఊపడంలో బొకానా ఊళ్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు.

దిగ్నా సంచీ భుజాన వేసుకుని దిగి బండికి అడ్డం పడింది. బండివాడు తాపీగా బ్రేకు వేసి, ఇవి మొరెయిరా వాళ్ల స్లాబుకని, ఉల్బియో మేస్త్రీయే తీసుకుపొమ్మన్నాడని, మీ వాళ్లది ఆరిపోయింది కదా ఇంజనీరమ్మా అని చెప్పాడు. పైన ఆరింది సరే, కింద ఏముందని అడగబోయి ఆగిపోయింది. వాడితో ఏం లాభం? బండి తోలమంటే తోలేవాడు. ఆమె ఆ ఎండలో, ఆ ఇసుక దారిలో, పట్నం చెప్పులతో అక్క ఇంటివైపు పరుగెత్తింది.

అక్క పేరు నర్సీసా. కొన్నేళ్ల కిందట ఊళ్లో భూకంపం వచ్చిన సాయంత్రం ఆమె పడవల రేవు దగ్గర చేపలు బేరమాడుతోంది. వీధి చివర ఆమె రెండంతస్తుల ఇల్లు ఉన్నచోటే కూలిపోయింది. లోపల కొడుకు యాంద్రి ఉన్నాడు, తొమ్మిదేళ్లవాడు. ఆ రోజు నుంచి నర్సీసా కాంక్రీటు కిందికి అడుగు పెట్టలేదు. ఆదివారం పూజను చర్చి తలుపు బయట ఎండలో నిలబడి వింటుంది. దుకాణంలో సరుకులు గుమ్మం అవతలి నుంచే అడిగి తీసుకుంటుంది. పోయిన వానాకాలం కూతురు నయేలి ఊపిరాడక ఆస్పత్రి పాలైతే, తండ్రి లోపల మంచం పక్కన కూర్చున్నాడు. తల్లి మాత్రం గేటు బయట గొడుగు పట్టుకుని నిలబడింది, పిల్లను ఇంటికి పంపేదాకా.

కూలిన ఇంటి వెనకాల వెదురు తడికెలతో ఒక పాక వేసుకుని, ఆకుల కప్పు కింద ఉంటున్నారు. వాన పడితే పొయ్యి దగ్గర నుంచి పరుపు దాకా అంతా తడే. పిల్లకు ఉబ్బసం. ఇంకో వానాకాలం ఆ తడిలో గడిపితే పిల్ల మీకు దక్కదని డాక్టరు నీళ్లు నమలకుండా చెప్పేశాడు. క్రిస్మస్‌కి అటో ఇటో ఆ తీరంలో వానలు దిగుతాయి. దిగ్నాకు కావలసింది ఒక్కటే. అవి దిగేలోపు అక్కా, పిల్లా పొడిగా ఉన్న ఒక కప్పు కింద పడుకోవాలి.

దిగ్నా ఉద్యోగం పోర్తోవియెహో పట్నంలో, యూనివర్సిటీ లాబొరేటరీలో. ఏం చేస్తావని ఊళ్లో ఎవరైనా అడిగితే పగలగొడతానని చెప్పేది. అదేం అబద్ధం కాదు. మధ్యలో థర్మాకోల్, దానికి అటూ ఇటూ ఇనుప వల, ఆ వలలు రెండిటినీ కలుపుతూ థర్మాకోల్‌లోంచి దూరే తీగలు, ఆపైన రెండు వైపులా తేలిక కాంక్రీటు పొరలు. అగ్నిపర్వతాల దగ్గర దొరికే బోలు రాయి కలిపి చేస్తారు ఆ కాంక్రీటు. అలాంటి పలకల్ని మెషీను కింద పెట్టి, అవి వంగి, చిట్లి, విరిగేదాకా నొక్కి చూడటమే ఆమె పని. బరువు పడితే పై పొర నొక్కుకుంటుంది, కింది పొర సాగబోతుంది. తీగలు రెండిటినీ కలిపి కుట్టినట్టు పట్టుకుంటాయి. రెండూ కలిసి పనిచేస్తే ఊరి బ్యాండుమేళం మొత్తం ఎక్కి గంతులేసినా ఆ పలక చలించదు. ఒక పొర లేదంటే మాత్రం అది కప్పు కాదు, కప్పు వేషం వేసుకున్న అప్పడం.

కూలినచోట కొత్త ఇల్లు కట్టి ఇలాంటి కప్పు వేస్తానని అక్కను ఒప్పించడానికి దిగ్నాకు తల ప్రాణం తోకకొచ్చింది. రెండేళ్లు చెప్పింది. కాగితాలు చూపించింది, విరిగిన పలకల ఫొటోలు చూపించింది, లెక్కలు చెప్పింది. వెదురు లోపల బోలే కదా, మరి భూకంపానికి ఊళ్లో వెదురిళ్లు పడ్డాయా అని వాదించింది. నర్సీసా అన్నీ విని, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చునేది. ఆఖరికి ఒప్పుకున్నది కూడా చెల్లెలి లెక్కలు చూసి కాదు, పిల్ల దగ్గు చూసి.

పలకలు లారీలో దిగిన రోజున ఊరు ఊరంతా వచ్చి నవ్వింది. బొకానాలో థర్మాకోల్ అంటే చేపల పెట్టె, అంతే. ఇద్దరు మనుషులు కప్పును నెత్తిన పెట్టుకుని నడిచొస్తుంటే, కాస్త ఐసు కూడా వేయించుకోండి, వేసవిలో చల్లగా పడుకోవచ్చని ఆటపట్టించారు. ఉల్బియో మేస్త్రీ కూడా నవ్వాడు, కానీ పని ఒప్పుకున్నాడు. ఊళ్లో సగం ఇళ్లు ఆయన చేతివే, భూకంపానికి నిలిచిన ఇళ్లన్నీ ఆయనవేనని పేరు. పైగా చనిపోయిన యాంద్రికి బాప్తిస్మం నాడు పక్కన నిలబడ్డ జ్ఞానతండ్రి ఆయనే. ఆ ఇంటికి ఇంకొకరు స్లాబు వేస్తే ఊరుకుంటాడా?

ఇక్కడ స్లాబు వేయడమంటే తిరునాళ్లే. తెల్లారకుండానే చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చి బకెట్లు చేతికి చేయి అందిస్తారు, ఆడవాళ్లు కోడి పులుసు వండుతారు, మధ్యాహ్నానికి పైన కాంక్రీటు, కింద బీరు. ఆ తర్వాత, ఆరేదాకా స్లాబును కింద నుంచి మోసే పోటు వెదుళ్ల గొడవ మొదలవుతుంది. ఊరంతటికీ మంచి వెదుళ్లు ఒక్క జట్టే, వంతుల మీద ఇంటింటికీ తిరుగుతాయి. పైన గట్టిపడ్డాక కూడా వాటిని ఉంచుకున్నవాళ్లకి స్వార్థపరులని పేరొస్తుంది. అడుగు భాగం ప్లాస్టింగు సంగతా? అది సింగారం. చేతిలో డబ్బాడినప్పుడు చేసుకోవచ్చు. పదేళ్లుగా నెత్తిమీద గరుకు కాంక్రీటు చూసుకుంటూ హాయిగా బతుకుతున్న ఇళ్లు బొకానాలో సగం ఉన్నాయి. మామూలు స్లాబుకి అది నిజమే, ఏమీ కాదు.

దీనికి మాత్రం ఆ సింగారమే సగం ప్రాణం. ఒక్కో వరుస వెదుళ్లు జరుపుతూ, ఆ మేరకు కింది పొర పట్టిస్తూ, అది గట్టిపడ్డాకే పక్క వరుసకు పోవాలని దిగ్నా మేస్త్రీకి నేల మీద గీసి మరీ చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. కాదు, చెవిటివాడైతే కనీసం వినలేదని ఒప్పుకుంటాడు.

ఆమె వగరుస్తూ వెళ్లేసరికి ఉల్బియో మేస్త్రీ కొత్త ఇంటి మధ్యలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, జున్ను కూరిన అరటికాయ ఉండ తుంచుకు తింటున్నాడు. ఆయన తల మీద స్లాబు బొజ్జ దించి ఉంది. గోడ అంచు నుంచి కన్ను పెట్టి చూస్తే నాలుగు వేళ్ల లోతు. కింద ఇనుప వల, దాని వెనక తెల్లటి థర్మాకోల్, ఒక్క చుక్క సిమెంటు లేదు. దిగ్నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మేస్త్రీ, కింది పొరేది?"

"వేద్దామమ్మా, ఎక్కడికి పోతుంది. మొరెయిరా వాళ్లు నెల నుంచీ వెదుళ్లు వెదుళ్లని నన్ను తినేస్తున్నారు. వాళ్ల వంతు దాటిపోతోంది."

"నేను పోట్లు తియ్యొద్దన్నానా, లేదా?"

"అన్నారు. నేనూ సరేనన్నాను. పైన ఎక్కి తొక్కి చూసుకోండి, రాయిలా ఉంది. ప్లాస్టింగు కోసం పోట్లాపే మేస్త్రీ ఎక్కడైనా ఉంటాడా ఇంజనీరమ్మా? నలుగురూ నవ్వరూ?"

అది ప్లాస్టింగు కాదని ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే గుర్తు లేదు. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవడానికి ఓపిక లేదు. "ఒక వెదురును నిలువునా సగానికి చీల్చి, ఆ సగాన్ని కాలవ మీద వేసి నడవమంటే నడుస్తావా?" అని అడిగింది.

"చీల్చిన వెదురు మీద ఎవడు నడుస్తాడు? విరిగిపోదూ?"

"నీ నెత్తిమీద ఉన్నది ఆ సగమే."

మేస్త్రీ తల ఎత్తి చూశాడు. నములుతున్నది ఆపాడు. తర్వాత బకెట్టు చేత్తో పట్టుకుని, ఏమీ ఎరగనట్టు గుమ్మం బయటికి వెళ్లి, అక్కడ మళ్లీ కూర్చున్నాడు.

బావ యొవానీ రేవు నుంచి వచ్చాడు. వలలు బాగుచేసే మనిషి, ఏదైనా చిరిగితే కుట్టుకుంటే సరిపోతుందని నమ్మేవాడు. చూశాడు, గడ్డం గోక్కున్నాడు, జాకీలు తెచ్చి లేపేద్దామన్నాడు. లేపి, కింద చదునుగా పొర పట్టించేస్తే బొజ్జ ఉండేదని ఎవడికి తెలుస్తుందన్నాడు. మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. సోమవారానికల్లా అద్దంలా చేసిస్తానని, వెదుళ్లు తనే మోసుకొస్తానని అన్నాడు. ఇద్దరూ కలిసి ఆమె మొహం చూశారు.

దిగ్నా నిచ్చెన వేసుకుని గోడల దగ్గర అంచులు చూసింది. అక్కడ థర్మాకోల్ ఏటవాలుగా చీలి ఉంది. లోపలి తీగలు కొన్ని వంగాయి, కొన్ని అతుకు దగ్గర ఊడాయి. ఇలా కడుపు దించిన పలకను లేపి, కింది పొర వేసి, మళ్లీ నొక్కి చూడటం ఆమె లాబొరేటరీలో చేసింది. ఒకటి కొత్తదానిలా నిలబడింది. ఇంకొకటి చిట్లిన చప్పుడైనా చేయకుండా ఒక్కసారిగా దిగిపోయింది. రెండింటికీ తేడా బయటికి ఏమీ కనిపించలేదు. మరి ఇది ఏ జాతిది? ఏమో. చదువుకున్న చదువంతా తీసుకొచ్చి ఆ ఏమో దగ్గర నిలబెట్టినందుకు ఆమెకు ఆ చదువు మీదే ఒళ్లు మండింది. సముద్రం మీద అప్పటికే మబ్బు కడుతోంది. సరే కానీయండి అని ఒక్క మాట అంటే చాలు, వానలకి ముందే అంతా అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడే నర్సీసా పిల్లను చంకనేసుకుని సందులోకి వచ్చింది. గుమ్మానికి బారెడు దూరంలో ఆగింది. ముగ్గురి మొహాలూ చూసి, ఏమైందని అడిగింది. ఏం లేదు, చిన్న పని మిగిలిపోయిందని యొవానీ తొందరగా చెప్పాడు. ఆమె మొగుడి వైపు చూడలేదు.

"దిగ్నా, నువ్వు చెప్పు. దీని కింద పిల్లని పడుకోబెట్టనా?"

దిగ్నా నిచ్చెన దిగింది. "వద్దక్కా."

"బాగు చేస్తారటగా."

"చేస్తే నిలవొచ్చు. నిలవకపోవచ్చు. నాకు తెలీదు. తెలీనిదాని కింద పిల్లని పెట్టమని నేను చెప్పలేను. పగలగొట్టాలి."

నర్సీసా ఏడవలేదు, తిట్టలేదు. ముందే తెలిసిన సంగతి మళ్లీ విన్నట్టు తల ఊపి, పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, వెనక పాకలోకి వెళ్లిపోయింది. కాసేపటికి పిల్ల దగ్గు వినిపించింది.

యొవానీ అప్పుడు నోరు విప్పాడు. నిజం చెప్పడానికి నీకిదే ముహూర్తం దొరికిందా అన్నాడు. రెండేళ్లు బతిమాలి గుమ్మం దాకా లాక్కొచ్చామని, ఇక ఈ జన్మలో మీ అక్క కప్పు కిందికి రాదని, పిల్లకేమైనా అయితే నీ లెక్కల కాగితాలు కప్పుతామా అని అడిగాడు.  ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. బూడిదలో పోసిన పన్నీరంటే ఏమిటో ఆమెకు ఆ సాయంత్రం బాగా తెలిసింది. మేస్త్రీ మీద కోపం, బావ మీద కోపం, వంతుల కోసం ఎగబడే ఊరి మీద కోపం, పరీక్ష పేపర్లు దిద్దడానికి కిందటి శనివారం తనను ఆపేసిన డిపార్టుమెంటు మీద కోపం. ఇన్ని కోపాల్లో ఒక్కటైనా ఆ స్లాబును ఒక వేలెడు పైకి లేపేది కాదు.

ఉల్బియో మేస్త్రీ, తన చేత్తో వేసిన స్లాబును ఇంతవరకూ ఎవరూ పగలగొట్టలేదని మాత్రం అని, పనిముట్ల సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నారు. మర్నాడు పొద్దున పెద్ద సమ్మెట భుజాన వేసుకుని అందరికంటే ముందు ఆయనే వచ్చాడు. మొరెయిరా వాళ్ల దగ్గర తిట్లు తిని, కొన్ని వెదుళ్లు వెనక్కి తెచ్చి స్లాబు కింద పోటు పెట్టాడు. 

అంచుల నుంచి పగలగొట్టడం మొదలుపెట్టారు. సమ్మెట దెబ్బకు కాంక్రీటు బీటలు తీస్తోంది, కటర్‌తో వల కోస్తున్నారు, థర్మాకోల్ పూసలు గాలికి లేచి వీధంతా పరుచుకుంటున్నాయి. పూజ నుంచి తిరిగొస్తున్నవాళ్లు ఆగి చూసి, చేపల పెట్టె ముక్కలైందని ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. దిగ్నా తలకు గుడ్డ కట్టుకుని, పళ్లు బిగించి, కోసిన ముక్కల్ని పెరట్లోకి లాగిస్తోంది. తను కట్టినదాన్ని పగలగొట్టుకోవడం ఆమెకు అలవాటే, కానీ అక్క కళ్లముందు పగలగొట్టడం మాత్రం ఇదే మొదలు.

నర్సీసా పాక ముందు కూర్చుని వేరుశనగ వేసిన చేపల పులుసు కాస్తోంది. ఇటు చూడటం లేదు. ఉల్బియో మేస్త్రీ ఒక్కడే సగం తలుపంత ముక్కను భుజాన పెట్టుకుని ఆమె ముందు నుంచి వెళ్లాడు. ముసలాయన, నడుము నొప్పి మనిషి. ఆమె గరిటె కదపడం ఆపింది. ఆయన దాన్ని కంచె దగ్గర పడేసి మళ్లీ వెళ్లి, అంతటిదే ఇంకొకటి తెచ్చాడు. నర్సీసా పొయ్యి మీద పులుసు అలాగే వదిలేసి లేచింది.

"దించన్నా," అంది.

ఆయన దించాడు. ఆమె వంగి, ముక్క కింద రెండు చేతులూ పెట్టి ఎత్తింది. మోకాళ్ల దాకా వచ్చింది, నడుము దాకా వచ్చింది. కింద పెట్టింది. మళ్లీ ఎత్తింది. తెగిన తీగ గుచ్చుకుని అరచేతిలో నెత్తురొచ్చింది, చూసుకోలేదు.

"ఇంతేనా దీని బరువు?" అని చెల్లెల్ని అడిగింది.

దిగ్నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "రెండేళ్ల నుంచీ నీకు చెప్తున్నది అదే కదక్కా. చదరపు మీటరుకి ఇన్ని కిలోలని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను."

"కిలోలు నాకేం తెలుస్తాయే," అంది నర్సీసా. తర్వాత మేస్త్రీ వైపు తిరిగింది. "అన్నా, ఆ రోజు ఎంతమంది పట్టారు?"

పని ఆగిపోయింది. ఆ రోజు గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు, ఆమె ముందు ఎవరూ ఎత్తలేదు. ఉల్బియో తన చేతుల వంక చూసుకున్నాడు. "ఎనిమిదిమందిమి చెల్లెమ్మా. గునపాలు విరిగాయి గానీ అది కదల్లేదు."

"వాడు లోపల్నుంచి పిలుస్తూనే ఉన్నాడు. నేను ఇవతల పక్క గోళ్లతో గీకుతూనే ఉన్నాను. మిషను వచ్చేసరికి పిలవడం మానేశాడు." ఆమె కాలితో ఆ ముక్కను తాకింది. "ఇదే అయ్యుంటే, నేనొక్కదాన్నే తీసేదాన్ని."

 ఇన్నాళ్లూ దిగ్నా ఈ కప్పు పడదని అక్కను నమ్మించడానికి నోరు పగిలేలా చెప్పింది. పడదా అని నర్సీసా ఏనాడూ అడగలేదు. ప్రతి కప్పూ పడుతుందని ఆమెకు తెలుసు, ఎవరెంత చెప్పినా అది మారదు. పడితే పిల్లమీద నుంచి తను తీయగలదా, అదొక్కటే ఆమె ప్రశ్న. ఏ కాగితంలోనూ దానికి జవాబు రాయలేదు.

అక్కడితో ఊరుకోవచ్చు. బావ కళ్లతోనే ఊరుకోమంటున్నాడు. కానీ దిగ్నా ఊరుకోలేకపోయింది, అది ఆమె పుట్టుబుద్ధి. "అక్కా, దీనికి కింది పొర లేదు," అంది. "అది కూడా వేస్తే బరువు ఇంతకి రెండింతలవుతుంది."

యొవానీ నెత్తి కొట్టుకున్నాడు.  నర్సీసా చేతి నెత్తురు పావడాకి తుడుచుకుని, వంగి ఆ ముక్కను పట్టుకుంది.

"దీనిమీద ఇంకోటి పెట్టన్నా."

మేస్త్రీ దిగ్నా వైపు చూశాడు. ఆమె పెట్టమంది. కంచె దగ్గరున్న ముక్కను తెచ్చి మీద పెట్టాడు. నర్సీసా కాళ్లు ఎడం చేసి, ఊపిరి బిగబట్టి లేపింది. మెడ నరాలు ఉబ్బాయి, మోకాళ్లు వణికాయి. పక్కనుంచి ఎవరో సాయం పట్టబోతే కసురుకుంది. రెండు ముక్కల్నీ రొమ్ముకు ఆనించుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ కంచె దాకా మోసుకెళ్లి, అక్కడ దభీమని పడేసింది. పాక గుమ్మంలోంచి పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది.

నర్సీసా నడుము పట్టుకుని నిలబడి, ఊపిరి తిరిగేదాకా ఆగింది. దిగ్నా ఏడుస్తోంది.

"ఎత్తగలను," అంది నర్సీసా. "కట్టండి."